అచ్చుపురుగు

నాకు అసహ్యం ఎక్కువ. ఇది నేను చెప్పుకునే గొప్ప కాదు, మా ఇంటికి వచ్చిపోయే ప్రతివాళ్ళూ అనే మాట. హోటల్లో గ్లాసు పెదవికి ఆనించను, ఎత్తి పోసుకుంటాను. పెళ్ళి భోజనంలో వడ్డించే గరిటె ఎవరి విస్తరికైనా తగిలిందంటే ఇక ఆ కూర నాకు అక్కర్లేదు. బస్సులో పక్కామె చంటిపిల్ల పాలు కక్కితే తర్వాతి స్టాపులో దిగిపోతాను. మా ఆయన భానుమూర్తి పెళ్ళయిన కొత్తలో దీన్ని చూసి ముచ్చటపడ్డారు, కొన్నాళ్ళకి భరించారు, ఆఖరికి దీని మీద పరిశోధన చేశారు.

నిజానికి నాకు అన్నం పెడుతున్నదే ఈ అసహ్యం. సామర్లకోట దాటాక కాలువ గట్టు మీద ఒక ఆహార పరిశోధన సంస్థ ఉంది. అందులో ఆయన పురుగుల విభాగం, నేను రుచి విభాగం. నూనె కనరెక్కిందా, బియ్యం ముక్కిపోయాయా, బిస్కెట్టుకి డబ్బా వాసన పట్టిందా అన్నది యంత్రం చెప్పేలోపే నా ముక్కు చెప్పేస్తుంది. ఇంట్లో ఎగతాళి, ఆఫీసులో జీతం. ఒకే ముక్కుకి రెండు మర్యాదలు.

మా అత్తయ్యగారు రత్నమ్మ పిండివంటలు చేసి అమ్మి కొడుకుని చదివించిన మనిషి. ఆవిడ దగ్గర టేకు చెక్కతో చేసిన అచ్చులు ఉండేవి. మూడు మూలలది, నాలుగు పలకలది, గుండ్రటి బిళ్ళది, ఇలా ఎన్నో. చిన్నప్పుడు ఆయన తోటకూర ముట్టకపోతే ఆవిడ దాన్ని పిండిలో కలిపి, అచ్చులో ఒత్తి, వేయించి పెట్టేవారట. గిన్నె ఖాళీ అయిపోయేదట.

"ముద్దకింద పెడితే ఎవడు తింటాడ్రా? అచ్చులో ఒత్తి పెడితే గడ్డినైనా తినేస్తారు" అనేవారు ఆవిడ.

ఆ మాట ఆయన బుర్రలో పడి మొలకెత్తింది. పురుగుల్లో మాంసకృత్తులు పుష్కలం. వంటింటి చెత్త పడేస్తే చాలు, పెరిగిపోతాయి. ఒకసారి ప్రభుత్వ హాస్టల్ పిల్లల ఎండిపోయిన చేతుల్ని చూసి వచ్చిన రోజు ఆయన అన్నం తినలేదు. ఆ పిల్లలకి పురుగుల్ని పెట్టొచ్చు, కానీ ఎవరు తింటారు? పురుగంటే మెత్తన, నూగు, జిగట, ఎటు వంకర తిరుగుతుందో తెలియని ఒళ్ళు. జనానికి పురుగు మీద కోపం అది పురుగైనందుకు కాదనీ, దానికి సరైన ఆకారం లేనందుకేననీ ఆయన తేల్చుకున్నారు. బియ్యంలో తిరిగే పెంకుపురుగుని తీసుకుని, దాని పెంకు ఏ లెక్కన పెరుగుతుందో ఆ లెక్కని లోపలే మార్చడం మొదలుపెట్టారు. వంకరగా పెరగాల్సినది గీత గీసినట్టు పెరగడానికి చాలా ఏళ్ళే పట్టింది.

ఒక ఆదివారం దాన్ని గాజు గిన్నెలో పెట్టి ఇంటికి తెచ్చారు. నేను కొబ్బరి పచ్చడి నూరుతున్నాను. గిన్నె తెచ్చి సరిగ్గా పచ్చడి పక్కనే పెట్టారు.

బొటనవేలి గోరంత పురుగు. తల త్రికోణం. వీపు ఆరు పలకల బిళ్ళ. పొట్ట ఒకదాని వెనక ఒకటిగా రెండు చతురస్రాలు, చివర అర్ధచంద్రం. కాళ్ళు అగ్గిపుల్లల్లా ఉన్నాయి, ఒక్కో దానికి ఒక్కటే మడత. నూగు లేదు, మీసాలు లేవు. అది నడిస్తే తిన్నగా నడుస్తుంది, అంచు తగిలితే మూలమట్టం పెట్టినట్టు పక్కకి తిరుగుతుంది. మా అమ్మాయి ప్రణవి గిన్నె మీద వాలిపోయి, ఇది జామెట్రీ బాక్సులోంచి వచ్చిందా అని అడిగింది. అత్తయ్యగారైతే మురిసిపోయారు. అన్నీ తన అచ్చులేనట. అక్కడికక్కడే దానికి అచ్చుపురుగు అని పేరు పెట్టేశారు. సంస్థలో దానికి ఏదో అంకెల పేరు ఉన్నా, ఆ తర్వాత ఎవరూ దాన్ని అలా పిలవలేదు.

నాకు మాత్రం బొద్దింకని చూస్తే పుట్టే రోత కంటే ఎక్కువ రోత పుట్టింది. బొద్దింక కనీసం తను బొద్దింకనని చెప్పుకుంటుంది. ఇది చెప్పుకోవడం లేదు. ఆయన నాకు ధైర్యం చెప్పాలని దాన్ని వెల్లకిలా తిప్పారు. రెండు చతురస్రాలు కలిసే చోట సన్నటి గీత తెరుచుకుంది. లోపల తెల్లగా, తడిగా ఏదో ఒకటి ఉబికి, మళ్ళీ లోపలికి పోయింది. ఊపిరి తీసుకుంటోందని ఆయన చెప్పారు. నేను పచ్చడి పారబోశాను.

తర్వాత అది నా బల్ల మీదికే వచ్చింది. రుచి చూసి చెప్పడం నా ఉద్యోగం కదా. నేతిలో వేయించి, ఉప్పు, మిరియాలపొడి జల్లి పళ్ళెంలో పేర్చారు. చూడడానికి మైదా చిప్స్‌లా ముద్దుగానే ఉన్నాయి. డైరెక్టర్ సుదర్శనంగారు, విభాగాల పెద్దలు అందరూ చుట్టూ నిలబడ్డారు. ఒకటి నోట్లో వేసుకున్నాను. పెంకు గీతల వెంట తిన్నగా విరిగింది, కాస్త తియ్యగా కూడా ఉంది. ఆ వెంటనే పొట్టలోంచి వెచ్చటి జిగురు ఒకటి కారి అంగిలికి అంటుకుంది. నాలుకతో నెడితే కదలదు. అందరూ చూస్తుండగానే పరుగెత్తి వాష్ బేసిన్లో ఉమ్మేశాను. అంగిలిని వేలితో గీకి గీకి కడుక్కున్నాను. ఆ జిగురు చిన్న చతురస్రంలా ఊడి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా నోట్లో నీళ్ళూరుతాయి, ఆకలితో కాదు.

మిగతావాళ్ళు మాత్రం తిన్నారు, మళ్ళీ అడిగి పెట్టించుకున్నారు. ఈ పని నావల్ల కాదని రాసిచ్చేశాను. మా ఆయన బాగా నొచ్చుకున్నారు. ఇంటికొచ్చాక మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. కట్టుకున్నదానివే ఉమ్మేస్తే లోకం ఎలా మింగుతుందని ఆయన, ముందు మీరు తిని చూడండని నేను. ఆయన పంతం పట్టి ఆ రోజు నుంచి చారన్నంలో నంజుకోవడం మొదలుపెట్టారు. సంస్థలో పెద్దలందరికీ, హాస్టళ్ళు చూసే అధికారులకీ డబ్బాల్లో పెట్టి పంపారు. ఎవరికీ కడుపులో కూడా నొప్పి రాలేదు. రక్తపరీక్షలన్నీ బాగున్నాయి. అందరి ఒంట్లో బలం పెరిగింది.

నేను ఒక్క మాట మీద నిలబడ్డాను. ప్రణవికి పెట్టడానికి వీల్లేదు. ఆయన ఒప్పుకున్నారు, కానీ ఒక మెలిక పెట్టారు. హాస్టళ్ళలో పెట్టడానికి అనుమతి ఇచ్చే రోజున, పెద్దలందరి ముందూ, మొదటి పళ్ళెం మన పిల్లదే అవ్వాలన్నారు.

"మన పిల్ల తిననిది ఊళ్ళో పిల్లలకి ఏ మొహం పెట్టుకుని పెడతాం హైమా?" అన్నారు.

ఆ మాటలో తప్పేమీ కనిపించక నేను సరేనన్నాను.

అంతలో అత్తయ్యగారు వంటింట్లో పడిపోయారు. పక్షవాతం. కుడివైపు మొత్తం చచ్చుబడింది, మాట పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక మంచంలోనే అన్నీ. పెట్టుకున్న ఆయా వారం తిరక్కుండా మానేసింది. నేను ప్రయత్నించలేదని అనకండి. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి వెళ్ళాను. బెడ్‌పాన్ తీయబోయి దాని మీదే వాంతి చేసుకున్నాను. రెండోసారీ అంతే. ఆవిడ ఎడమ కంట్లోంచి నీళ్ళు కారాయి. అవి నొప్పికో, అవమానానికో, నా మీద జాలికో నాకు తెలియలేదు.

ఆయన నన్ను పక్కకి జరిపి ఆ పని తనే అందుకున్నారు. ఎంత శుభ్రంగా చేశారో చెప్పలేను. మూతి ముడవలేదు, ముక్కు చిట్లించలేదు, ఊపిరి కూడా బిగబట్టలేదు. కాఫీ గ్లాసు కడిగినంత తేలిగ్గా తల్లిని కడిగారు. చూడ్డానికి వచ్చిన బంధువులు కళ్ళొత్తుకున్నారు. ఈ కాలంలో ఇలాంటి కొడుకు ఉంటాడా అన్నారు, అంటూ నా వంక ఒక చూపు విసిరారు. నేనూ ఆయన్ని చూసి పొంగిపోయాను. నా మీద నాకు సిగ్గేసింది. అప్పటినుంచి అత్తయ్యగారి గదిలోకి వెళ్ళడం మానేసి, జావ గిన్నె గుమ్మం దగ్గర అందించేదాన్ని. సాయంత్రం స్నానం అయ్యాక గదిలో సాంబ్రాణి వెయ్యడం ఆవిడకి పెళ్ళయినప్పటి నుంచీ అలవాటు. ఆయన అది కూడా మానకుండా, గదంతా మసకబారేలా వేసేవారు.

చిన్న చిన్న విషయాలు కంటపడుతూనే ఉన్నాయి. విరిగిపోయిన పాలతో కాఫీ కలుపుకుని, ముక్కలు తేలుతుంటే చప్పరిస్తూ తాగేశారు. సాంబారులో బొద్దింక వస్తే గరిటెతో తీసి పక్కన పెట్టి, అదే సాంబారు పోసుకున్నారు. ఒక రోజు బెడ్‌పాన్ తుడిచిన గుడ్డతోనే ప్రణవి టిఫిన్ డబ్బా తుడుస్తున్నారు. నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు వచ్చారు. ఆయన గుడ్డని చూశారు, డబ్బాని చూశారు, కాస్త ఆలోచించి, పొరపాటేనని ఒప్పుకుని సబ్బుతో కడిగారు. అది తప్పని ఆయన బుద్ధికి తెలిసింది గానీ ఒంటికి తెలియలేదు. ఆ తేడా నాకు ఆ రోజు అర్థం కాలేదు.

ఇంట్లో వాసన కూడా మొదలైంది. చచ్చిన ఎలుక లాంటిది, కాస్త తీపి కలిసినది. తూములు కడిగించాను, ఫ్రిజ్ ఖాళీ చేశాను, బీరువా వెనక వెతికించాను. ఆయన్ని అడిగితే తనకేం రావడం లేదన్నారు. అచ్చుపురుగుల మేత కోసం కుళ్ళబెట్టే కూరగాయల పీపాల దగ్గరే రోజంతా ఉంటారు కాబట్టి ఆయన బట్టలతో ఇంటికి వస్తోందనుకున్నాను. ఆయన చొక్కాలు విడిగా నానబెట్టడం మొదలుపెట్టాను. అంత గొప్ప ముక్కు పెట్టుకుని నేను చేసిన పని అది.

సంస్థలో మేత పరీక్షలు చేసే ఎలుకల గదికి వెళ్ళింది వేరే పని మీద. అక్కడ బోనులు చూసే నూకరాజు నన్ను చూడగానే మురిసిపోతూ పిలిచాడు. అచ్చుపురుగు తినే ఎలుకలు ఎంత ఐకమత్యంగా ఉంటున్నాయో చూడమన్నాడు.

"ఇయ్యి శానా మంచియ్యండి మేడంగారూ. సచ్చిపోయినా వదిలిపెట్టవండి" అన్నాడు.

బోనులో ఒక ఎలుక చచ్చి ఉబ్బి ఉంది. పొట్ట పగిలింది. మిగతావి దాన్ని తలగడ చేసుకుని నిద్రపోతున్నాయి. ఒకటి మేత ముద్దని ఆ పొట్ట మీదే పెట్టుకుని కొరుక్కుని తింటోంది. పక్కనే మామూలు మేత తినే ఎలుకల బోను ఉంది. అందులోనూ ఒకటి చచ్చింది, కానీ దాన్ని మిగతావన్నీ ఊకలో పూడ్చి, దూరంగా ఎదుటి మూలలో ముడుచుకు కూర్చున్నాయి. నూకరాజు తొడుగు లేని చేత్తో చచ్చినదాన్ని తోక పట్టి తీసి బకెట్లో వేశాడు. చెయ్యి లుంగీకి రాసుకుని, క్యారేజీ విప్పి అన్నం కలుపుకున్నాడు. క్యారేజీ మూతలో అచ్చుపురుగులు వరసగా పేర్చి ఉన్నాయి.

నేను బయటికి వచ్చి కాలువ గట్టు మీద వాంతి చేసుకున్నాను. అప్పుడు తట్టింది. పెంకుని తిన్నగా నిలబెట్టే ఆ జిగురు వేయించినా పోదు. నా అంగిలికి అంటుకున్నట్టే అది తినేవాళ్ళ తలలోకి చేరి, అసహ్యం పుట్టే చోట, కంపు తెలిసే చోట అంటుకుంటోంది. దాన్ని రక్తపరీక్ష పట్టుకోదు. అసహ్యం తగ్గిందని ఏ మనిషీ డాక్టరు దగ్గరికి పోడు.

సాయంత్రం ఆయనకి అంతా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. అది నిజమే అయ్యుండొచ్చన్నారు. అయితే మంచిదే కదా అని కూడా అన్నారు. మనిషి మనిషిని ముట్టుకోకుండా దూరం పెట్టింది ఈ అసహ్యంతోనే కదా, మన మురికి ఎత్తేవాళ్ళని గుమ్మం బయటే నిలబెట్టింది దీనితోనే కదా అని ఓపిగ్గా చెప్పుకొచ్చారు. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

చివర్లో చాలా నెమ్మదిగా, "నీకు అసహ్యం లేకపోతే మా అమ్మని నువ్వే కడిగేదానివి హైమా" అన్నారు.

గుండెలో దిగింది. లేచి వెళ్ళి ఆయన చొక్కా విడిగా నానబెట్టాను.

అనుమతి ఇచ్చే రోజు రానే వచ్చింది. ఆయన పొద్దున్నే తల్లికి ఒళ్ళు తుడిచి, గుడ్డ మార్చి, ప్రణవిని బడిలో దింపుతానని తీసుకుని వెళ్ళారు. సభ సాయంత్రమని నాతో అన్నారు, ఆలోపు పిల్లని బడి నుంచి నేనే ఇంటికి తెచ్చేసుకుందామనుకున్నాను. ఆయన రాత్రికి గానీ రారు కాబట్టి మధ్యాహ్నం అత్తయ్యగారిని పక్కకి తిప్పే పని నామీద పడింది. నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని గది లోపలికి అడుగుపెట్టాను.

ఆ వాసన అక్కడ ఉంది. ఇన్నాళ్ళూ నేను తూముల్లో, ఫ్రిజ్‌లో, ఆయన చొక్కాల్లో వెతికిన వాసన అత్తయ్యగారి పక్కలోంచి వస్తోంది.

ఆవిడని ఎడమవైపుకి తిప్పాను. కుడి తుంటి కింద శుభ్రంగా ఉతికిన తెల్లటి గుడ్డ, నాలుగు మడతలు వేసి, మూలలు సరిచేసి పెట్టి ఉంది. దాన్ని లాగితే రాలేదు. నీళ్ళు పోసి తడిపి లాగాను. చర్మంతో సహా వచ్చింది. కింద నా పిడికిలి పట్టేంత గొయ్యి. అంచులు నల్లగా, లోపల పసుపుపచ్చగా, అడుగున ఎముక రంగు కనిపిస్తోంది. అందులో పురుగులు కదులుతున్నాయి. మెత్తటివి, తెల్లటివి, వంకర టింకరగా మెలికలు తిరిగే మామూలు పురుగులు. కొన్ని గుడ్డతో పాటే పైకి వచ్చాయి. ఒకటి నా మణికట్టు మీద పాకింది.

చచ్చుబడిన వైపు కాబట్టి ఆవిడకి నొప్పి తెలియలేదు, తెలిసినా చెప్పడానికి నోరు లేదు. కొడుకు మాత్రం పొద్దున చూశారు. కళ్ళారా చూసి, వాటి మీద ఉతికిన గుడ్డ మడతపెట్టి కప్పి, ఆఫీసుకి వెళ్ళారు. నిన్నా అంతే చేసి ఉంటారు, మొన్నా అంతే. ఆయన ప్రేమలో లోపం లేదు. పుండుని చూసి ఒళ్ళు జలదరిస్తేనే కదా మనిషి డాక్టరు దగ్గరికి పరిగెత్తేది. ఆయనకి జలదరించలేదు. మడతల మూలలు కలవకపోతే మాత్రం సరిచేశారు.

నేను మంచం పక్కనే కక్కుకున్నాను. కక్కుకున్నాక లేచి అంబులెన్సుకి ఫోన్ చేశాను. చూపిస్తే గానీ డాక్టరు నమ్మరేమోనని ఆ గుడ్డని ప్లాస్టిక్ సంచిలో వేసి పట్టుకెళ్ళాను. డాక్టరుకి సంచి అక్కర్లేకపోయింది. ఇంత కంపు కొడుతుంటే ఇంట్లో ఎవరికీ తెలియలేదా అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా ఆవిడని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళిపోయారు. బతుకుతారో లేదో చెప్పలేమన్నారు.

మా ఆయన ఫోన్ ఎత్తడం లేదు. సాయంత్రం పిల్లని కాసేపు అక్కడే ఉంచమని అడుగుదామని బడికి ఫోన్ చేశాను. ప్రణవి ఈ రోజు బడికి రానే లేదన్నారు. నాన్నగారు తన ఆఫీసులో ఏదో కార్యక్రమానికి తీసుకెళ్ళారట.

ఆటో ఎక్కాక గానీ సంచి ఇంకా నా చేతిలోనే ఉందని గమనించలేదు. ఆటో అబ్బాయి ముక్కు మూసుకుని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. వాడి మీద నాకు ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను.

సంస్థ హాల్లో పొడుగాటి బల్లల మీద స్టీలు పళ్ళేలు పరిచి ఉన్నాయి. సుదర్శనంగారు, విభాగాల పెద్దలు, హాస్టళ్ళ అధికారులు అప్పటికే తింటున్నారు. మా ఆయన మైకు ముందు మాట్లాడుతున్నారు. ముందు వరసలో యూనిఫాం వేసుకుని ప్రణవి కూర్చుని ఉంది. దాని ముందు పళ్ళెంలో అచ్చుపురుగుల్ని త్రికోణాలన్నీ ఒక వైపు ఉండేలా ముద్దుగా పేర్చారు. నాన్న మాట పూర్తయ్యాక తినాలని కాబోలు, ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని ఎదురుచూస్తోంది.

నేను తిన్నగా పెద్దల బల్ల దగ్గరికి వెళ్ళి, సంచి విప్పి, ఆ గుడ్డని పచ్చడి గిన్నె పక్కన పరిచాను.

"ఏంటమ్మా ఇది?" అని అడిగారు సుదర్శనంగారు నములుతూనే.

"మా అత్తయ్యగారి పుండు మీద గుడ్డండి. లోపల పురుగులు పడ్డాయి. మీ శాస్త్రవేత్తగారు పొద్దున్న చూసి, మళ్ళీ కప్పేసి వచ్చారండి."

అందరూ వంగి చూశారు. అయ్యో పాపం అన్నారు. ఇప్పుడెలా ఉన్నారని అడిగారు, ఏ ఆసుపత్రిలో చేర్చారని అడిగారు. నిజంగానే బాధపడ్డారు, అందులో నటన లేదు. బాధపడుతూనే తింటున్నారు. గుడ్డలోంచి ఒక పురుగు పాక్కుంటూ వెళ్ళి ఒక అధికారి పళ్ళెం అంచు ఎక్కింది. ఆయన దాన్ని వేలితో పక్కకి నెట్టి, ఆ వేలితోనే ఇంకొక అచ్చుపురుగు తీసుకుని నోట్లో వేసుకున్నారు. మరొకాయన పచ్చడి అందడం లేదని గుడ్డని మర్యాదగా కాస్త ఇటు జరిపారు. ఒక్క ముక్కు కూడా చిట్లలేదు.

అప్పుడు ముందు వరసలో కుర్చీ పడిన చప్పుడయింది. ప్రణవి లేచి నిలబడి రెండు చేతులతో ముక్కూ నోరూ మూసుకుంది. చేతిలోని పురుగు ఎక్కడో జారిపోయింది.

"అమ్మా, కంపు..." అంది, అంటూనే ఒక్కసారిగా వాంతి చేసుకుంది. మధ్యాహ్నం తిన్న అన్నమంతా ఆ పళ్ళెంలో త్రికోణాల మీద, చతురస్రాల మీద పడింది.

నేను వెళ్ళి దాన్ని పొదివి పట్టుకున్నాను. దాని మూతి నా పమిట చెంగుతో తుడిచాను. నా జీవితంలో ఇంకొకరి వాంతిని నా బట్టతో తుడవడం అదే మొదటిసారి. రోతగానే ఉంది, చెప్పలేనంత సంతోషంగా కూడా ఉంది.

మా ఆయన మాట్లాడడం ఆపేశారు. కూతుర్ని చూశారు, గుడ్డని చూశారు, ఆగకుండా నములుతున్న దవడల్ని ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్ళారు. ఆయన ఒంటికి తెలియనిదాన్ని బుద్ధితో కూడగట్టుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

"ఎవరికైనా ఇక్కడ వాసన వస్తోందా అండి?" అని మైకులో అడిగారు.

పెద్దలందరూ బుద్ధిగా గాలి పీల్చి చూశారు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఆయన గుడ్డ దగ్గరికి వచ్చి, వంగి, తన ముక్కు దానికి ఆనించి పీల్చారు. తల అడ్డంగా ఊపారు. తర్వాత మైకు ఆపేసి, ఈ పురుగు ఏ పిల్లల పళ్ళెంలోకీ వెళ్ళకూడదని సుదర్శనంగారికి చెప్పారు. సుదర్శనంగారు ఎందుకని అడిగారు. వివరించడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. తినేవాళ్ళకి ఆ మాట అర్థం చేయించడం గుడ్డివాళ్ళకి రంగు చెప్పడం లాగే అయింది. చివరికి ఎలుకల బోనులు తెచ్చి బల్ల మీద పెట్టించి, రెండింటికీ తేడా ఏమిటో లెక్కల్లో చూపించాక గానీ ఆ ఫైలు ఆగలేదు.

పీపాల్లోని అచ్చుపురుగుల్ని సంస్థ వెనక గోతిలో పోసి తగలబెట్టారు. గాలి ఊళ్ళోకి వీచింది. నేతిలో చెక్కలు వేయిస్తున్నంత కమ్మటి వాసన. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి, ఎవరింట్లో పెళ్ళని అడిగారట. నేను కిటికీలన్నీ మూసుకుని కూర్చున్నాను.

అత్తయ్యగారు బతికారు. కుళ్ళిన కండంతా కోసేశారు. ఆవిడకి మాట కొంచెం కొంచెం తిరిగి వచ్చింది, ముక్క ముక్కగా. ఇంటికి తెచ్చిన రోజు ఆయన కట్టు మార్చబోతే ఎడమ చేత్తో ఆయన చెయ్యి తోసేశారు. నా వంక వేలు చూపించారు.

"వాడొద్దు. అది... ఓకరిస్తుంది. అదే రావాలి" అన్నారు.

అప్పటినుంచి రోజూ కట్టు నేనే మారుస్తున్నాను. మెచ్చుకోకండి, నా అసహ్యం ఇసుమంత కూడా తగ్గలేదు. ముక్కుకి గుడ్డ మాత్రం కట్టుకోను. పుండు మీదికి వంగి, నిండా గాలి పీల్చి, ఓకరించి, కళ్ళనీళ్ళు తుడుచుకుని పని మొదలుపెడతాను. ఓకరింత కాస్త ఎక్కువైందంటే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్తాను. నేను ఓకరించిన ప్రతిసారీ అత్తయ్యగారి మూతి ఎడమవైపు కాస్త సాగుతుంది. నవ్వనే అనుకుంటున్నాను.

ఆయన పురుగు తినడం ఎప్పుడో మానేశారు. పోయినది తిరిగి రాలేదు. వస్తుందో రాదో డాక్టర్లూ చెప్పలేకపోతున్నారు. ఇప్పుడు పాలు విరిగాయేమో నన్ను అడిగి తాగుతారు, చొక్కా ఉతకాలేమో ప్రణవిని అడిగి విప్పుతారు. నిన్న నేను వేడినీళ్ళ గిన్నె పట్టుకుని అత్తయ్యగారి గదిలోకి వెళ్తుంటే గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడ్డారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మకి నేను చేసింది తలుచుకుంటే తప్పని తెలుస్తోంది హైమా. ఏడుపూ వస్తోంది. కానీ నా మీద నాకు రోత పుట్టాలి కదా? ఎంత ప్రయత్నించినా పుట్టడం లేదు" అన్నారు.

ఆయన్ని పైనుంచి కింద దాకా చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు అలవాటు లేదు.

"నాకు పుడుతోంది లెండి. ఇద్దరికీ సరిపడా" అన్నాను.

ఆయన తలూపి పక్కకి జరిగారు. నేను గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళాను.